ఎడమ భుజానికి రాసిన మందు

ఆ వీధిలో రాక్షసుడంటే ఎవరికీ భయం లేదు. కూరగాయల బండివాడు పుచ్చిన వంకాయలన్నీ ఏరి అంటగట్టేది ఆయనకే. పక్కింటివాళ్ళు ఊరెళ్తూ తమ కుక్కను అప్పగించేదీ ఆయనకే. ఆ కుక్క వచ్చినరోజే ఆయన కుర్చీ ఎక్కి కూర్చునేది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడితే ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకునేది. ఆయన పీట వాల్చుకునేవాడు.

పేరు మాత్రం రాక్షసుడు. ఆయన వృత్తి డబ్బింగ్. పరభాషల నుంచి వచ్చే సినిమాల్లో ప్రతినాయకుడికి గొంతు ఇస్తాడు. తెరమీద కనపడే కండలు, కోరమీసం ఇంకెవరివో. ఆ కండల్లోంచి వచ్చే గర్జన ఈయనది. చాలా ఏళ్ళుగా ఒకే నటుడికి గొంతు అరువిస్తున్నాడు. ఆ నటుడు ప్రతి సినిమాలోనూ చివరికి చస్తాడు. అంచేత ఈయనా చస్తాడు. కొండమీంచి పడి, మంటల్లో కాలి, రైలుకింద నలిగి, సాయంత్రానికి సంచీలో రొట్టె పట్టుకుని ఇంటికి వస్తాడు.

"ఇవాళ ఎలా పోయారు?" అని అడుగుతుంది భార్య, ఆయన చెప్పులు విడిచేలోపే.

"నీళ్ళలో మునిగి."

"అందుకే కాబోలు, గొంతు జలుబు చేసినట్టుంది."

ఇంత మెత్తని మనిషిలోంచి అంత గర్జన ఎలా వస్తుందని అడిగినవాళ్ళకు ఆయన "సాధన" అని చెప్పేవాడు. అది అబద్ధం. అసలు సంగతి ఆయన కుడిభుజంలో ఉంది. మెడకూ భుజానికీ మధ్య, కండలో, ఉసిరికాయంత ముడి. ఎప్పుడు పడిందో ఆయనకే గుర్తులేదు. మైకు ముందు నిలబడి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెరమీద నటుడి నోరు తెరుచుకోబోతుండగా, ఎడమచేతి వేళ్ళతో ఆ ముడిని గట్టిగా నొక్కుతాడు. నొప్పి జివ్వుమని మెడలోకి, మెడలోంచి దవడలోకి పాకుతుంది. గర్జన ఆ దారినే బయటికి వస్తుంది. చూసేవాళ్ళకు ఆయన చొక్కా సర్దుకుంటున్నట్టుంటుంది.

ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. దాచాలని మొదట్లో అనుకోలేదు. చెప్పే సందర్భం రాలేదు, తర్వాత చెప్పకపోవడమే అలవాటైంది, ఆ తర్వాత ఆ అలవాటు మీద మమకారం పుట్టింది. మనిషికి తనదంటూ ఒకటి ఉండాలి కదా అని లోలోపల అనుకునేవాడు. ఇల్లు ఇద్దరిదీ. కుర్చీ కుక్కది. గొంతు ఆ నటుడిది. వెతగ్గా వెతగ్గా తనదని చెప్పుకోవడానికి ఆ నొప్పి ఒక్కటే తేలింది.

అలాంటి నొప్పికి మందు దొరికింది.

తెచ్చింది బావ. రాక్షసుడి అక్క మొగుడు, మందులషాపు యజమాని. ఒకనాడు భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కోకముందే బల్లమీద ఒక వెడల్పు మూతి సీసా, పక్కన చుక్కలు వేసుకునే చిన్న బుడ్డీ పెట్టాడు.

"చెల్లెమ్మా, మీ ఆయన భుజం పట్టుకుని తిరుగుతున్నాడన్నావుగా. ఇదిగో."

"ఏం మందు అన్నయ్యగారూ?"

"సీబీడీ అంటారు. హెంప్ మొక్కలోంచి తీస్తారు. గంజాయి కుటుంబమే."

రాక్షసుడి చేతిలో గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఉలిక్కిపడకు బావమరిదీ. మత్తెక్కించేది వేరే పదార్థం. అది అక్కగారు. ఇది చెల్లెలు. ఒకే ఇంట్లో పుట్టినా బుద్ధిమంతురాలు. అచ్చం మీ ఇంటి లెక్కే అనుకో. మీ అక్క మాట వింటే నాకు తల తిరుగుతుంది. నువ్వు మాట్లాడితే నిద్రొస్తుంది."

"పనిచేస్తుందా?" అంది భార్య.

"కొందరు చేస్తుందంటారు. కొందరు వట్టిదంటారు. నేను షాపువాణ్ణి, మొదటివాళ్ళ మాటే నాకు గట్టిగా వినపడుతుంది. సీసాలోది భుజానికి రుద్దాలి. బుడ్డీలోది నాలుక కింద వేసుకుని కాసేపు నోరు మూసుకు కూర్చోవాలి."

"నోరు మూసుకోవడం ఈయనకు అలవాటే."

రాక్షసుడు "వద్దు" అనాలనుకున్నాడు. ఆ మాట ఆయనకు మైకు ముందు తప్ప ఎక్కడా పలకదు. "మంచిది" అన్నాడు.

ఆ సాయంత్రం భార్య సీసా పట్టుకుని వచ్చి మంచం అంచున కూర్చుంది. "ఏ భుజం?" అంది.

ఎంత చిన్న ప్రశ్న. సంతకం పెట్టమన్నా ఇంత తడబడేవాడు కాదు. కుడి అంటే, ఇన్నేళ్ళు కూడబెట్టుకున్నది ఆవిడ చేతుల్లో కరిగిపోతుంది. రాయొద్దంటే ఎందుకని అడుగుతుంది. ఈ రెండింటి మధ్యనుంచి ఒక సన్నని సందు కనిపించింది. పిరికివాళ్ళకు అలాంటి సందులు ఇట్టే కనిపిస్తాయి.

"ఎడమ" అన్నాడు.

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. "ఎడమా?"

"ఎడమే."

"సరే" అని రుద్దడం మొదలుపెట్టింది. పచ్చిగడ్డిలో కర్పూరం కలిపినట్టు వాసన. నొప్పిలేని భుజం రాజభోగం అనుభవిస్తుంటే కుడిభుజం గోడకు ఆనుకుని క్షేమంగా సలుపుతూ ఉంది. తర్వాత ఆవిడ నాలుక కింద చుక్కలు వేసింది. ఆయన నోరు మూసుకుని, తలూపుకుంటూ, స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, వాష్‌బేసిన్‌లో ఉమ్మేశాడు. ఒక మందు తప్పుడు భుజానికి, ఇంకో మందు బేసిన్‌కు. జీవితంలో మొదటిసారి ఒక కుట్ర పన్నానని, అది ఫలించిందని, అద్దంలో తనను చూసుకుని కొంచెం గర్వపడ్డాడు.

మర్నాడు భార్య వంటింట్లో ఉండగా తనే రాసుకుంటానని సీసా అందుకున్నాడు. ఉత్తినే మూత తీసి పెట్టేస్తే రాసుకున్నట్టే కదా. కాని ఆ ఇంట్లో మూతలు బిగించేది ఆవిడ. ఆవిడ బిగించిన మూత విప్పడానికి దేవుడు దిగిరావాలి, దేవుడికీ చెయ్యి నొప్పెడుతుంది. రాక్షసుడు సీసాను పొట్టకు ఆనించి, పళ్ళు బిగించి తిప్పాడు. మెడనరాలు ఉబ్బాయి. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మూత కదల్లేదు. కుక్క మాత్రం కుర్చీ దిగి మంచం కిందికి దూరింది.

"ఇలా ఇవ్వండి" అని ఆవిడ తడిచేత్తోనే ఒక్క తిప్పు తిప్పి తీసింది. మళ్ళీ ఎడమ భుజానికే రాసింది.

కొన్నాళ్ళు గడిచాయి. రాక్షసుడికి నిద్ర బాగా పడుతోంది. ఆకలి వేస్తోంది. సాయంత్రం భార్య రొట్టెకు రాసిచ్చే వెన్న మునుపటికన్నా దట్టంగా ఉంటోందని గమనించాడు. ముసలితనంలో ప్రేమ ముదురుతుంది కాబోలు అనుకుని తినేశాడు.

కొత్త సినిమా డబ్బింగ్ మొదలైంది. గాజుపలక అవతల సౌండ్ ఇంజినీరు కూర్చుంది, ఇవతల చీకటిగదిలో ఈయన. తెరమీద నటుడు ఒక పెళ్ళి పందిరిని తగలబెట్టి, పెళ్ళికూతురి తండ్రి గొంతు పట్టుకున్నాడు. "నీ వంశాన్ని నామరూపాల్లేకుండా చేస్తాను!" అనాలి. రాక్షసుడు ఎడమచెయ్యి పైకెత్తి ముడిని నొక్కాడు.

అక్కడ భుజం ఉంది. అంతే.

ఇంకొంచెం పైకి నొక్కాడు, కిందికి జరిపి వెతికాడు. సొంత ఇంటికి వచ్చి తాళంచెవి కోసం జేబులు తడుముకునేవాడిలా అక్కడంతా తడిమాడు. ఈలోగా నటుడి నోరు తెరుచుకుంది. మాట వెళ్ళిపోయింది.

చెవుల్లో ఇంజినీరు గొంతు వినిపించింది. "సార్, వాళ్ళ వంశం నాశనం చేస్తామంటున్నారా, వాళ్ళ రెండో అమ్మాయిని మనవాడికి అడుగుతున్నారా?"

"ఇంకో టేక్ చేద్దామమ్మా."

ఇంకోటి చేశారు. ఈసారి సంబంధం ఖాయమైనట్టే ఉంది.

చాలాసేపటికి ఇంజినీరు బయటికి వచ్చింది. పాపం, చెప్పడానికి ఇబ్బంది పడింది. "సార్, డైరెక్టర్‌గారు విన్నారు. రేపు చావు సీను ఉంది కదా. అది కుదిరితే మిగతావి మళ్ళీ చేసుకుందామన్నారు. కుదరకపోతే పాత్ర మొత్తం ఎలుగుబంటి గారికి ఇచ్చేస్తారట. ఇక ఆ నటుడి సినిమాలన్నీ ఆయనే చెబుతారేమో."

పిల్లల కార్టూన్లలో ఎలుగుబంటికి గొంతిచ్చి పైకి వచ్చిన లావుపాటి మనిషి అప్పటికే వరండాలో కూర్చుని గోరువెచ్చని నీళ్ళు పుక్కిలిస్తున్నాడు. రాక్షసుణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. "ఆరోగ్యం జాగ్రత్త అన్నగారూ" అన్నాడు. ఎంత నిజాయితీగా అన్నాడంటే, దానికి కోపగించుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

రాక్షసుడు నేరుగా బావ షాపుకు వెళ్ళాడు. దారంతా ఒకటే ఆలోచన. ఎడమ భుజానికి రాసింది రక్తంలో పడి, గుండె చుట్టూ తిరిగి, కుడిభుజం చిరునామా కనుక్కుని వెళ్ళిందా? శరీరం లోపల మనకు తెలియని మనుషులు తిరుగుతున్నట్టు, వాళ్ళు మన ఉత్తరాలు విప్పి చదువుతున్నట్టు ఒళ్ళు జలదరించింది.

"బావా, ఒక స్నేహితుడి తరఫున అడుగుతున్నాను."

"నీకు స్నేహితులెవరు? చెప్పు."

"ఆ సీసాలో మందు ఒక భుజానికి రాస్తే రెండో భుజానికి పోతుందా?"

బావ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. "చర్మం అంటే గోడ, బావమరిదీ. చచ్చిన కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు సున్నం. ఈ మందుకు కొవ్వంటే ప్రాణం. ఆ సున్నంలో దిగి అక్కడే కాపురం పెట్టేస్తుంది. మహా అయితే కొంచెం కిందికి, కండదాకా పోతుందేమో. రక్తంలో కలిసేది మాత్రం లేదన్నా తప్పులేదు. పక్క వీధికి పోనిది పొరుగూరు పోతుందా? అసలు నొప్పిలేని భుజానికి ఎందుకు రాశాడు మీవాడు?"

"కొంచెం తేడా మనిషి."

"అది తెలుస్తూనే ఉంది."

"మరి చుక్కలు?"

"చుక్కలు మింగితే కడుపు, పేగులు, అక్కణ్ణుంచి నేరుగా కాలేయం. కాలేయమంటే మీ అక్క అనుకో. మా ఇంట్లోకి వచ్చిన ఏ కబురైనా ముందు ఆవిడ చెవిన పడాలి. ఆవిడ కత్తిరించగా మిగిలిందే మాదాకా వస్తుంది. చాలా కొద్ది. నాలుక కింద చర్మం పల్చన కాబట్టి, అక్కడ కాసేపు ఆపితే కొంత కాలేయం కన్నుగప్పి రక్తంలోకి జారుకుంటుంది."

"ఉమ్మేస్తే?"

"ఉమ్మేస్తే వాష్‌బేసిన్‌కు కీళ్ళనొప్పులు తగ్గుతాయి."

రాక్షసుడు కౌంటరు పట్టుకుని నిలబడిపోయాడు. చర్మం దారి మూసే ఉంది. నాలుక దారి మూసే ఉంది. రెండు తలుపులకూ తనే తాళం వేశాడు. మరి దొంగ ఎలా వచ్చాడు?

బావ తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు. "ఖాళీ కడుపున మింగితే దండగే. కొవ్వు తోడుంటే ఎన్నోరెట్లు ఎక్కువ ఒంటికి పడుతుంది. వెన్నో మీగడో. అందుకే చెల్లెమ్మకు చెప్పాను..." అని ఠక్కున ఆగాడు.

"ఏం చెప్పావు?"

బావ తలుపు వైపు తిరిగాడు. "రండి రండి, దగ్గుమందేనా?" అన్నాడు. అక్కడ ఎవరూ లేరు.

ఇంటికి వచ్చేసరికి బల్లమీద రొట్టె సిద్ధంగా ఉంది. వెన్న దట్టంగా, వెలుతురులో కాస్త పచ్చగా ఉంది. రాక్షసుడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పచ్చిగడ్డి.

"దీంట్లో ఏం కలిపావు?"

భార్య కుక్క గిన్నెలో నీళ్ళు పోస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "మీరు బేసిన్‌లో కలుపుతున్నదే. రోజూ ఆ నూనె జిడ్డు తోమలేక చస్తున్నాను. మందు మీ కడుపులోకన్నా పోతే బేసిన్ శుభ్రంగా ఉంటుందని వెన్నలో వేశాను."

"మరి భుజం?"

"ఏ భుజం?"

"కుడి... ఎడమ..."

"మీరు అడిగిన భుజానికి మీరు మెలకువగా ఉండగా రాశాను. నొప్పి ఉన్న భుజానికి మీరు నిద్రపోయాక రాశాను. ఆ భుజం పట్టుకుని మూలుగుతారు కదా నిద్రలో. పెళ్ళైనప్పటినుంచీ వింటున్నాను. ఎడమ అన్నారు, పోనీలే పాపం ఏదో సిగ్గు అనుకున్నాను."

రాక్షసుడికి కోపం వచ్చింది. నిజమైన కోపం. లోపలినుంచి పొంగింది, మెడదాకా వచ్చింది. "నన్ను అడగకుండా నా నొప్పి ముట్టుకుంటావా?" అని గర్జించబోయాడు. నోట్లోంచి ఆ మాట, పొరుగింటివాళ్ళ దగ్గర చేబదులు అడుగుతున్నట్టు బయటికి వచ్చింది.

"మీరు చెప్పకుండా దాచారు, నేను అడగకుండా రాశాను. చెల్లుకు చెల్లు" అంది ఆవిడ.

అప్పుడు చెప్పాడు. ముడి సంగతి, మైకు సంగతి, ఎలుగుబంటి సంగతి. పీట మీద కూర్చుని, చేతిలో రొట్టె పట్టుకుని, తలవంచుకుని చెప్పాడు. చెబుతుంటే అది ఎంత చిన్న రహస్యమో ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళు లోపల ఉంచుకోవడం వల్ల పెద్దదైందే తప్ప, బయట గాలికి పెడితే పిడికెడు లేదు.

ఆవిడ కుక్క గిన్నె కింద పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. "ముందే చెప్పి ఉంటే..." అంది.

"రాయకుండా ఉండేదానివా?"

"రాసేదాన్నే. కాని రేపటి చావు అయ్యాక మొదలుపెట్టేదాన్ని."

పొద్దున్నే బయల్దేరుతూ ఆయన సీసా తీసి కోటు జేబులో వేసుకున్నాడు. "దారిలో బావ మొహాన కొట్టి వస్తాను" అన్నాడు. అది ఆయన చేయలేడని ముగ్గురికీ తెలుసు, కుక్కతో సహా. షాపు ముందునుంచి వెళ్తూ బావకు చెయ్యి కూడా ఊపాడు. సీసా జేబులోనే ఉండిపోయింది.

చావు సీను. నటుడు పాడుబడిన ఫ్యాక్టరీలో ఇనుప దూలం కింద పడి ఉన్నాడు. పైనుంచి దూలం, కిందనుంచి నిప్పు. ఆఖరి గర్జన పెద్దది. అది సాగి సాగి, తెగి, ప్రాణం పోవాలి. మొదటి టేక్‌లో రాక్షసుడు తన తొడ గిల్లుకున్నాడు. దోమ కుట్టినవాడిలా చచ్చాడు. రెండో టేక్‌లో నాలుక కొరుక్కున్నాడు. నటుడికి నత్తి వచ్చింది.

గాజు అవతల తలుపు తెరుచుకుని ఎలుగుబంటి లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని, మర్యాదగా వెనక నిలబడ్డాడు. డైరెక్టర్ ఇంజినీరు చెవిలో ఏదో అన్నాడు.

"సార్, ఆఖరిది" అంది ఆవిడ.

రాక్షసుడు రెండు చేతులూ కోటు జేబుల్లో దూర్చుకున్నాడు. ఇక నొక్కుకోవడానికి ఒంట్లో ఎక్కడా ఏమీ లేదు. ఒళ్ళంతా దుర్మార్గమైన సుఖంగా ఉంది. చేతికి సీసా తగిలింది. కలత పడిన చేతులకు ఏదో ఒక పని కావాలి కాబట్టి, బయటికి తీసి మూత తిప్పాడు. కదల్లేదు. రాత్రి భార్య రాసి బిగించింది కాబోలు. ఇంకొంచెం బలంగా తిప్పాడు. ఊహూఁ. ఆయనకు ఒళ్ళు మండింది. నా నొప్పి తీసుకుంది, నా రహస్యం తీసుకుంది, నేను నిద్రపోతుంటే నాకన్నా బాగా నన్ను చదివేసింది, ఆఖరికి ఒక మూత కూడా నన్ను తీయనివ్వదు. ఎర్రలైటు వెలిగింది. సీసాను పొట్టకు అదిమిపెట్టి, మోకాళ్ళు వంచి, పళ్ళు బిగించి, ఉన్న బలమంతా మణికట్టులోకి తెచ్చి తిప్పాడు. తెరమీద నటుడి నోరు తెరుచుకుంది.

ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకు తెలియదు. భుజంలోంచి కాదు. భుజానికి చాలా కిందినుంచి, ఇంతకుముందు ఆయన ఎన్నడూ దిగి చూడని చోటునుంచి లేచింది. ఎలుగుబంటి ఒక అడుగు వెనక్కి వేశాడు. దూలం కింద నటుడు మెడ విరుచుకున్నాడు, వేళ్ళు నేలను గీరాయి, మూత కదల్లేదు, గర్జన సాగింది, నటుడి కళ్ళు తేలిపోయాయి, సరిగ్గా అప్పుడు మూత టప్పుమని ఊడింది.

"ఆఁ..." అన్నాడు రాక్షసుడు, హాయిగా.

తెరమీద నటుడి తల వాలిపోయింది. గది నిండా పచ్చిగడ్డి, కర్పూరం వాసన.

ఎర్రలైటు ఆరింది. తర్వాత ఇంజినీరు, "సార్, ఇన్ని సినిమాల్లో మీరు ఇంత బాగా ఎప్పుడూ చావలేదు. కాని చివర్లో ఏదో టప్పుమని వినిపించింది. ఏంటది?" అంది.

రాక్షసుడు సీసా కోటు వెనక్కి దాచి, "ప్రాణం" అన్నాడు.

డైరెక్టర్ ఆ చప్పుడు ఉంచేయమన్నాడు. ఎలుగుబంటి వరండాలో ఆయన రెండు చేతులూ పట్టుకుని, తన ఫ్లాస్కులో నీళ్ళు పోసి ఇచ్చాడు. నిన్నటి టేకులన్నీ మళ్ళీ చేయడానికి తేదీ ఇచ్చారు.

"ఇవాళ ఎలా పోయారు?" అని అడిగింది భార్య, చెప్పులు విడిచేలోపే.

"మూత తీస్తూ."

ఆవిడకు వెంటనే అర్థమైందో లేదో తెలియదు. ఎప్పుడూ ఆవిడకు ఎంత అర్థమైందో ఆయనకు ఆలస్యంగానే తెలుస్తుంది. ఆయన చొక్కా విప్పి, మంచం అంచున కూర్చుని, ఆవిడ అడగకముందే కుడిభుజం అటు తిప్పాడు. ఆవిడ ముందు బుడ్డీ తెచ్చి నాలుక కింద చుక్కలు వేసింది. ఆయన స్నానాలగదికి వెళ్ళలేదు. నోరు మూసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఆవిడ వేళ్ళు ముడి ఉండిన చోటికి వెతక్కుండానే వెళ్ళాయి. ఎన్నాళ్ళ నుంచో వస్తూపోతూ ఉన్న ఇంటికి వెళ్ళినట్టు.

రాయడం అయిపోయింది. ఆవిడ సీసా పక్కన పెట్టబోతుంటే ఆయన చప్పున ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. చెప్పడానికి వీల్లేదు, నోట్లో మందుంది. కళ్ళు పెద్దవి చేసి, పిడికిలిని గాలిలో గట్టిగా తిప్పి చూపించాడు.

ఆవిడ మూతను ఇంకో పట్టు బిగించింది.